లిఫ్టు లేని మూడిళ్లు

లిఫ్టులు బాగుచేయడం అతని పని. చుట్టుపక్కల వీధుల్లో అందరూ లిఫ్టు మేస్త్రి అనే పిలిచేవారు. అసలు పేరు బ్యాంకు కాగితాల్లో తప్ప ఎక్కడా కనిపించేది కాదు. ఇరవై ఏళ్లు జనాన్ని పైకీ కిందికీ మోసే యంత్రాలకు గ్రీజు పూసీ పూసీ అతనొక సంగతి కనిపెట్టాడు. లిఫ్టు రెండు రోజులు ఆగితే చాలు, పై అంతస్తుల వాళ్లు ఇల్లు అమ్ముకుపోదామా అన్నంతగా విసిగిపోతారు. అసలు లిఫ్టే లేని పాత భవనాల్లో నాలుగో అంతస్తు ఇళ్లు అందుకే చవక. అద్దె మాత్రం అంతగా తగ్గదు. కుర్రకారుకు మెట్లొక లెక్కా?

బావమరిది ఇళ్ల బ్రోకరు. మొదటి ఇల్లు అతనే చూపించాడు. చేతిలో ఉన్నది బయానాకు సరిపోయింది, మిగతాది బ్యాంకు ఇచ్చింది. వచ్చే అద్దె వచ్చినట్టే కంతుకు పోయేది. నాలుగేళ్లకు అప్పు కొంత తగ్గగానే, ఆ ఇంటినే మళ్లీ తాకట్టు పెట్టి రెండోది కొన్నాడు. ఆ తర్వాత మూడోది. మూడూ నాలుగో అంతస్తులే.

ఇంతా చేసి మూడిళ్ల యజమాని, భార్యతో కలిసి నీళ్ల మోటారును ఆనుకున్న ఒంటి గదిలో అద్దెకుండేవాడు. సొంతింట్లో తామే ఉంటే కంతు ఎవరు కడతారు?

"ఒక్కదాంట్లో మనముందామండీ. మూడిట్లో ఒక్కటి," అనేది భార్య.

"ఈ కంతులు తీరనీవోయ్. మహారాణిలా తీసుకెళ్తా."

"మహారాణికి జుట్టు నెరిసిపోతోంది రాజుగారూ!" అని నవ్వేసేది. ఆ నవ్వు చూసుకుని అతను నిశ్చింతగా ఉండిపోయాడు. అలా పన్నెండేళ్లు.

పోయినేడు వానాకాలంలో ఆవిడకు గుండెనొప్పి వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మందులన్నీ రాసి, "మెట్లు మాత్రం ఎక్కకూడదు. ఇక ఎప్పటికీ," అంది.

మర్నాడే అతను టేపు పట్టుకుని మూడు భవనాలూ తిరిగాడు. మెట్ల మధ్య ఖాళీ ఎక్కడా మూరెడు లేదు. పోనీ వెనక గోడకు బయటినుంచి లిఫ్టు బిగిద్దామంటే, "నీ ఇంటికోసం మా కిటికీలు మూసుకోవాలా?" అన్నారు కింది అంతస్తుల వాళ్లు. కూలి తీసుకోనన్నాడు. చేతులు పట్టుకున్నాడు. ఎవరూ సంతకం పెట్టలేదు.

"మూడూ అమ్మేసి, నేల మీద ఒకటి చూడరా," అన్నాడు బావమరిదితో.

"చూడకేం బావా! కానీ అప్పుడు నువ్వు బేరమాడిన మాటే ఇప్పుడు వాళ్లూ అంటున్నారు. లిఫ్టు లేదుగా అని. బ్యాంకు బాకీ పోను మిగిలేదానికి కారు షెడ్డు కూడా రాదు."

ఈలోగా మొదటి ఇల్లు ఖాళీ అయింది. "ఒక్కసారి చూపించండి," అని ఆవిడ అడిగింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు మొగుడు, వెనక తమ్ముడు మోశారు.

"ఒరేయ్, చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని తిప్పాను. ఆ బాకీ ఇలా తీరుస్తున్నావా?"

"మాట్లాడకక్కా, నవ్వొస్తే వదిలేస్తా."

ఖాళీ గదిలో కుర్చీ దింపి, తమ్ముడు నీళ్లకోసం కిందికెళ్లాడు. ఆవిడ గోడలన్నీ తీరిగ్గా చూసింది. అతను పక్కనే నేలమీద చతికిలబడ్డాడు.

"ఇక్కడే ఉండిపోదాం. నువ్వు దిగనే వద్దు. ఏం కావాలన్నా పైకి నేనే తెస్తా."

"మరి ఆస్పత్రికి?"

"మోసుకెళ్తా."

"కంతో?"



అంతలో తలుపు దగ్గర ఒక పడుచుజంట వచ్చి నిలబడింది. అద్దెకు చూడ్డానికొచ్చారు. ఆ అమ్మాయి లోపలికొచ్చి, కుర్చీలో ఉన్నావిడను చూసి మొహమాటపడింది.

"మీరేనా అండీ ఇప్పటిదాకా ఇక్కడున్నది?"

"ఆఁ తల్లీ. పన్నెండేళ్లున్నాం," అంది ఆవిడ. "మంచి ఇల్లు. ఈ మూలకు పొద్దుటెండ వస్తుంది, మంచం ఇటు వేసుకోకు. అటు వేసుకో, గాలాడుతుంది. ఆ గూటిలో ఉప్పు డబ్బా పెడితే చేతికందుతుంది."

అతను తల ఎత్తలేకపోయాడు.

"ఇంత బాగుంటే మరెందుకండీ ఖాళీ చేస్తున్నారు?"

"మెట్లెక్కలేకమ్మా."

జంట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నచ్చిందన్నారు. అడ్వాన్సు ఎవరికివ్వాలని అడిగారు.

ఆవిడ అతని భుజం మీద చెయ్యేసి, "ఈయనకివ్వండి," అంది.

సోమవారం కంతు కట్టాలి. అతను లేచి, చెయ్యి చాపి తీసుకున్నాడు.