గుంట ఎదర కూకోకండి

ప్రత్యేక అవసరాల పిల్లలకు శిబిరం అని పేపరు జిల్లా పేజీలో వార్త పడితే మా అత్త ఇప్పటికీ ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆవిడకు చదువు రాదు. నేను చదివి చెబుతాను, ఆవిడ మోసుకెళ్తుంది. ఏ ఊళ్లో, ఏ రోజు, ఏ బడి ఆవరణలో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, అన్నీ పొల్లుపోకుండా చెప్పి, చివర్న పేపర్లో లేని మాట ఒకటి తనే కలుపుతుంది. "గుంట ఎదర కూకోకండి." మా వైపు గుంట అంటే పిల్ల. పిల్లకు ఎదురుగా ఎందుకు కూర్చోకూడదని అడిగితే మాత్రం ఆవిడ చెప్పదు. అది నేను చెప్పాల్సిందే.

నేను కాశీబుగ్గ బజార్లో ఎండుచేపల కొట్టు నడిపినాయన కూతుర్ని. పదో తరగతి అయ్యాక ఉద్దానంలో సముద్రం ఒడ్డున ఉన్న మా బంధువుల ఊరికి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో నాకు వింతగా తోచినవి అక్కడి చేతులు. సముద్రం హోరులో నోటి మాట నాలుగడుగులు దాటదు. పెద్దవల లాగేటప్పుడు ఈ తాడు పట్టినవాళ్లు దూరంగా ఆ తాడు పట్టినవాళ్లతో తువ్వాలు ఊపి మాట్లాడతారు. పడవ ఇంకా అలల అవతల ఉండగానే ఒడ్డున ఆడవాళ్లు గడ్డం పైకెత్తి అడుగుతారు, చేప పడిందా అని. పడలేదంటే పడవలోవాడు చెయ్యెత్తి అరచెయ్యి బోర్లిస్తాడు. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేస్తుంది. మా అత్తకు మంచినీళ్లు కావాలన్నా గడ్డమే లేచేది. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా అని లోపల్లోపల విసుక్కునేదాన్ని.

అలాంటి ఊళ్లో నా కూతురికి చెవులు వినపడవని ఎవరు కనిపెడతారు? నానమ్మ గడ్డం ఎత్తితే చెంబు తెచ్చేది. చెయ్యి ఊపితే ఇసుకలో పరిగెత్తుకొచ్చేది. మాట రాలేదేమిటని నేనంటే, వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చిందని అత్త కొట్టిపారేసేది. ఆ నాన్న అప్పటికే గుజరాత్ బోట్ల మీద పనికి పోయాడు, ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే. బడిలో వేస్తే మాస్టారు బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పి, పిల్ల మొండిది, పలకదు అన్నాడు.

మా పుట్టింటికి వెళ్లినప్పుడు బయటపడింది. కాశీబుగ్గ రోడ్డు మీద నా ముందు నడుస్తున్న పిల్ల వెనకే లారీ వచ్చింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయలేదు. బజారంతా తిరిగి చూసింది గానీ నా కూతురు తిరగలేదు. రెక్క పట్టుకుని పక్కకు లాగాను.

పలాసలో డాక్టరుకు చూపిస్తే ఆయన దాచకుండా చెప్పాడు. శిబిరంలో పేరు రాయించుకుంటే శ్రీకాకుళంలో మిషను మీద పరీక్ష చేస్తారు, చెవికి మిషను ఇస్తారు, వినపడని పిల్లల బడిలో చోటు దొరుకుతుంది. అదంతా తొందరగా జరగాలి. ఇప్పటికే ఆరేళ్లు వచ్చాయి, ఇంకా ఆలస్యమైతే మాట రావడం కష్టం అన్నాడు. అంటే నా కూతురు ఎప్పటికైనా నన్ను అమ్మా అని పిలవాలంటే శిబిరంలో పేరు ఎక్కాలి.

ఆ శిబిరం ఎప్పుడో తెలిసే దారి జిల్లా పేజీ ఒక్కటే. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ఊరి మొగలో మావ వరసాయన టీ కొట్టుకు పదిన్నర బస్సులో పేపరు వచ్చేది. జీడిపప్పు ధర పెద్దక్షరాల్లో ఉండేది, మా పిల్లల వార్త ఎక్కడో అడుగున, వేలెడంత. అదీ చాలాసార్లు శిబిరం ముగిసింది అనే వార్తే. అయిపోయినదాని గురించి మాకెందుకు చెప్పడం, మురిసిపోవడానికా? ఒకసారి ఆ వార్త నేను చూసేసరికే ఆలస్యమై, శిబిరం పెట్టిన కంచిలికి పరిగెత్తితే షామియానా విప్పుతున్నారు. ఆ తర్వాత నుంచి రోజూ కొట్టు దగ్గరికి నేనే వెళ్లి, పేజీ చూశాకే పేపర్ని బజ్జీల పొట్లాలకు వదిలేదాన్ని.

ఒకరోజు ఆ అడుగున కనిపించింది, నేడు టెక్కలిలో శిబిరం అని. సాయంత్రం వరకే. తిరిగి వెళ్లే ఆ బస్సునే రెండు నిమిషాలు ఆపించమని మావను బతిమాలి ఇంటికి పరిగెత్తాను. అత్త చేపలు ఎండేస్తోంది. వినపడకపోవడమేటి, పిల్లకి లేని జబ్బు అంటగడుతున్నానని సణుగుతూనే చేతులు కడుక్కుని బయల్దేరింది. పిల్ల ఆవిడ చంక దిగదు, ఆవిడ లేకపోతే నాకూ కుదరదు.

పలాసలో దిగి, పక్కనే ఉన్న కాశీబుగ్గలో టెక్కలి బస్సు కోసం నిలబడ్డాం. వచ్చినవన్నీ నిండుగా వచ్చాయి. చివరికి దొరికినదాంట్లో, హైవే మీద లారీ అడ్డం పడి ఉంటే దాని వెనక చాలాసేపు ఆగిపోయాం. వరిచేల మధ్య నిలిచిపోయిన బస్సులో కూర్చుని నేను దేవుణ్ణీ డ్రైవర్నీ కలిపి తిట్టాను.

బడి ఆవరణలోకి వెళ్లేసరికి ఒక వైపు బల్లలు సర్దేస్తున్నారు. చెవుల డాక్టరు గదిలో ఇంకా కొద్దిమంది ఉన్నారు. కుర్రాడే, అలిసిపోయి ఉన్నాడు. పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి తను వెనక్కి వెళ్లాడు. ఎదురు బెంచీ మీద అత్త కూర్చుంది. నేను కాగితాలు పట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డాను.

డాక్టరు పిల్ల వెనక చిన్న గంట మోగించాడు. పిల్ల తల తిప్పింది. ఇంకోవైపు నుంచి మోగించాడు, అటు తిప్పింది. పేరు పెట్టి పిలిచాడు, వెనక్కి చూసింది.

"వినపడుతోందమ్మా. మాట ఆలస్యంగా వస్తుంది, కంగారు పడకండి," అని తర్వాతి పిల్లాణ్ణి పిలిచాడు.

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. నా కూతురికి వినపడుతోంది. లారీ సంగతీ మరిచిపోయాను, పలాస డాక్టర్నీ మరిచిపోయాను. అత్త నావైపు చూసిన చూపు ఊరంతా చాటింపు వేసినట్టే ఉంది. తర్వాత ఆవిడ పిల్లవైపు తిరిగి, ఇంక పద అన్నట్టు తలుపు వైపు గడ్డం ఎత్తింది. పిల్ల స్టూలు దిగి తలుపు వైపు నడిచింది.

అప్పుడు తట్టింది నాకు. గంట మోగిన ప్రతిసారీ ఆ గడ్డం అలాగే లేచి ఉంటుంది.

స్టూలు ఎక్కబోతున్న పిల్లాడికి అడ్డం వెళ్లి నిలబడ్డాను. "డాక్టరుగారూ, ఇంకొక్కసారి సూడండి. మా అత్త సైగ సేసింది."

"నానేటి సేసినానే?" అంది అత్త. ఆవిడకు నిజంగానే తెలియదు. గంట వినపడగానే అటు చూడమని తన గడ్డం చెప్పిందని ఆవిడకే తెలియదు. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు, కూతురు బాగుందంటే ఒప్పుకోని తల్లి ఎవర్రా అని. బయట డాక్టర్లను తీసుకెళ్లే జీపు హారన్ కొడుతున్నారు. డాక్టరు విసుగ్గా గడియారం చూసుకున్నాడు. నేను కదల్లేదు.

ఆయన గంట మళ్లీ చేతిలోకి తీసుకుని, అత్తను బయటికి పంపమన్నాడు. పంపితే పిల్ల వెంట పడుతుందన్నాను. అయితే గోడ వైపు తిరగమన్నాడు. అంతమందిలో కోడలి మాట మీద మా అత్త గోడ వైపు తిరిగింది. ఆ గోడ మీద ఎక్కాలు రాసి ఉన్నాయి. ఆవిడ కొంగు తల మీదికి లాక్కుంది.

గంట మోగింది. పిల్ల నానమ్మ వీపునే చూస్తూ కూర్చుంది. ఇంకా దగ్గరగా మోగింది. డాక్టరు పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. డాక్టరుకు సాయంగా ఉన్నామె స్టీలు పళ్లేన్ని గరిటెతో బాదితే పక్కనున్న పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. మోత మోతకీ మా అత్త భుజాలు ఉలిక్కిపడుతున్నాయి. నా కూతురు కాళ్లు ఊపుకుంటోంది.

డాక్టరు వచ్చి కుర్చీలో కూర్చుని పిల్ల పేరు రాసుకోవడం మొదలుపెట్టాడు.

"తిరిగినాదేటే?" గోడనే చూస్తూ అడిగింది అత్త.

నేను చేతిలో కాగితాలు డాక్టరు బల్ల మీద పెట్టాను.

"సెప్పవే. నాకు గంట ఇనపడతంది. గుంట తిరిగినాదా?"

నా చెయ్యి దానంతటదే లేచింది. పడవలోవాళ్లు చూపినట్టే అరచెయ్యి బోర్లించాను. గోడ వైపు తిరిగిన మనిషికి అది కనపడదు. నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

"తిరగలేదత్తా."