ఆ తేదీన యోబు ఎక్కడున్నాడు

రేపల్లెలో యోబు పేరెత్తితే నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. "కొండెక్కిన యోబా, ఎక్కని యోబా?" అని అడిగి పళ్ళికిలిస్తారు. ఆ నవ్వు చెవిన పడితే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ నవ్వేవాళ్ళలో ఒక్కడు కూడా పెనుమూడి కరకట్ట మీదికి ఆయాసపడకుండా సైకిల్ తొక్కలేడు. ఆ సంగతి అడిగితే మాత్రం మాట మారుస్తారు.

నేను రేపల్లె తంతి ఆఫీసులో గుమస్తాని. వచ్చిన టెలిగ్రాంలు విని కాగితం మీద రాయడం నా పని. ఆ కాగితాలను సైకిల్ మీద ఇళ్ళకు చేర్చడం యోబు పని. ఆ రోజుల్లో టెలిగ్రాం అంటే నూటికి తొంభై చావు కబురే. సందు మొదట్లో అతని బెల్లు మోగితే ఆడవాళ్ళు గుండెలు పట్టుకునేవారు. ఒకావిడ కాగితం అందుకోకముందే అతని మీద పేడనీళ్ళు కుమ్మరించింది. చొక్కా పిండుకుంటూ ఆఫీసుకు వచ్చి, "కాగితంలో ఉన్నది నిజమే కదండీ సుందరయ్య గారూ, మనం అబద్ధం మోసుకెళ్ళలేదుగా" అన్నాడు. అంతే, ఇంక ఆ మాట ఎత్తలేదు.

పద్నాలుగేళ్ళు అలా తొక్కిన కాళ్ళు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. జిల్లాలో ఎక్కడ పందెం జరిగినా యోబుదే మొదటి స్థానం. అందుకే పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో తెనాలి సైకిల్ సంఘం అధ్యక్షుడు హనుమయ్య కన్ను అతని మీద పడింది. హనుమయ్యకు బియ్యం మిల్లు ఉంది, స్టేజీల మీద కూర్చునే సరదా ఉంది, సైకిల్ తొక్కడం మాత్రం రాదు. హిమాలయాల్లో మనాలి నుంచి రోహ్‌తాంగ్ కనుమ దాకా, పదమూడు వేల అడుగుల ఎత్తుకు, తన సంఘం తరఫున ఇద్దరిని తొక్కించి పేపర్లకెక్కాలని ఆయన కోరిక. ఒకరు యోబు, రెండోవాడు బాపట్ల కాలేజీలో డ్రిల్లు మాస్టారు జార్జి.

యోబు ఆశ వేరు. కనుమ ఎక్కినట్టు సంఘం సర్టిఫికెట్ తెస్తే ఆటల కోటాలో గుమస్తా పోస్టు ఇప్పిస్తామని మా పై ఆఫీసువాళ్ళు మాటిచ్చారు. పది పాసైన మనిషి. కుర్చీలో కూర్చుని పనిచేసే రోజు ఒకటి వస్తుందని అతనూ, భార్య దానమ్మా ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నారు.

మా ప్రాంతంలో కొండెక్కడిది? నేల అరిచేయిలా ఉంటుంది. ఉన్నదల్లా కృష్ణ కరకట్ట. దాని వాలు మీద పొద్దున్నే వంద సార్లు ఎక్కీ దిగీ, ఆదివారం చర్చి అయ్యాక బాపట్ల వెళ్ళి, క్యారేజీకి తడి ఇసుక మూటలు కట్టుకుని, సూర్యలంక రోడ్డు మీద సముద్రపు గాలికి ఎదురు తొక్కేవాడు. "కొండ లేకపోతేనేం, గాలుందిగా సార్, అదీ తోస్తది వెనక్కి" అనేవాడు. ఇంతగా సిద్ధపడ్డాడు కానీ, ఆ ఎత్తున గాలే పలచబడుతుందని అతనికి చెప్పినవాళ్ళు లేరు. మాకెవరికీ తెలిస్తే కదా!

హనుమయ్య చేసిన నిర్వాకం వినండి. వీళ్ళు రైలెక్కకముందే సన్మానానికి ముహూర్తం పెట్టించాడు. మంత్రిగారిని పిలిచాడు, "కనుమను జయించిన వీరులు" అని వాల్‌పోస్టర్లు అచ్చేయించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! తనూ వీళ్ళతో రైలెక్కాడు. దారిలో రైళ్ళు ఆలస్యమై రెండు రోజులు పోయాయి. మనాలిలో లాడ్జి యజమాని చెప్పాడట, ఒళ్ళు ఆ ఎత్తుకు అలవాటు పడాలి, రెండు మూడు రోజులు ఆగండి అని. "సముద్రం ఒడ్డున పుట్టినోళ్ళం, మాకు గాలికి కరువేంటయ్యా?" అని హనుమయ్య కొట్టిపారేశాడు. ఆగితే ముహూర్తం దాటిపోతుందని ఆయన భయం. మర్నాడు తెల్లవారుతూనే ఇద్దరినీ రోడ్డెక్కించి, తను తపాలా ఆఫీసుకు వెళ్ళి రేపల్లెకూ తెనాలికీ టెలిగ్రాంలు కొట్టి, లాడ్జిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. "కనుమ దాటారు, అందరూ క్షేమం."

ఆ టెలిగ్రాం విని రాసింది నేనే. మెసెంజరు ఊళ్ళో లేడు కనుక నేనే దానమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. నా చేతిలో కాగితం చూడగానే ఆవిడ గుమ్మంలో కూలబడి, "అన్నయ్యగారూ, ఆయన పోయారా!" అని గుండెలు బాదుకుంది. చదివి వినిపించేసరికి అదే నోటితో నవ్వలేక నవ్వింది. ఆ పూట పేటంతా బెల్లం పంచింది. నేనూ తిన్నాను.

ఆ వేళకు కొండ మీద సంగతి ఇది. మంచుచరియలు పడి, పైకి బండ్లను వదలడం లేదు. నడిచేవాళ్ళూ, సైకిళ్ళవాళ్ళూ తప్ప రోడ్డు మీద ఎవరూ లేరు. కనుమ ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా జార్జి వాంతులు చేసుకున్నాడు. పెదాలు నీలంగా మారాయి, మాట ముద్దయింది. మలుపు తిరిగితే పైన కనుమకు గుర్తుగా పేర్చిన రాళ్ళ గుట్ట కనపడుతోందట. యోబు ఒళ్ళు బాగానే ఉంది, ఇంకో గంటలో ఎక్కేసేవాడు. ఎక్కలేదు. జార్జిని తన క్యారేజీ మీద కూర్చోబెట్టి, తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని, బ్రేకులు పట్టీ పట్టీ అరిచేతులు పుండ్లు పడేలా కిందికి దించాడు. ఇంకో గంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నాడు మనాలి డాక్టరు.

లాడ్జికొచ్చి చెబితే హనుమయ్య, "పోన్లేరా, ఎక్కేశారని టెలిగ్రాం కొట్టేశాగా, ఇంకేం బాధ?" అన్నాడట.

తెనాలి సన్మానానికి నేనూ వెళ్ళాను. దండలు వేశారు, సర్టిఫికెట్లు చేతుల్లో పెట్టారు. యోబు మైకు దగ్గరికొచ్చి, "నేను ఎక్కలేదండి. నాలుగు కిలోమీటర్లు కిందే ఆగిపోయానండి. ఈ కాగితం నాది కాదండి" అన్నాడు. జనం ఏం చేశారో తెలుసా? చప్పట్లు కొట్టారు! ఎంత వినయం, ఎంత వినయం అని మంత్రిగారు వీపు తట్టారు. యోబు గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. హనుమయ్య మైకు లాక్కుని, "ఎత్తుకు వెళ్ళొచ్చాడు కదండీ, పాపం బుర్ర ఇంకా కుదుటపడలా" అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. యోబు వీపు మీద ప్రాణం నిలబెట్టుకున్న జార్జి పక్క కుర్చీలో కూర్చుని తన దండలో పూరేకులు తుంచుకుంటున్నాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆ మనిషిని నేనీనాటికీ క్షమించలేదు, క్షమించను కూడా.

యోబు సర్టిఫికెట్ కుర్చీలో వదిలేసి దిగిపోయాడు. గుమస్తా పోస్టు దానితోనే పోయింది. మర్నాడు ఆఫీసులో నా మీద విరుచుకుపడ్డాడు. "పద్నాలుగేళ్ళు కాగితాలు మోశాను, ఒక్కటీ అబద్ధం కాదండి. నా ఇంటికి మోసిందే అబద్ధమా?" నేను విన్నది రాశానన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఊళ్ళోవాళ్ళకు ఎగతాళికి ఒక మనిషి దొరికాడు. నాలుగేళ్ళు దొరికాడు. తొంభై రెండులో సెలవు పెట్టి, పాత సైకిల్ రైలుకెక్కించుకుని ఒక్కడే వెళ్ళాడు. "ఎక్కలేదని నేనే చెప్పానుగా సార్. ఆ మాట అలాగే మిగిలిపోతే కష్టంగా ఉంది" అన్నాడు వెళ్ళేముందు. మనాలిలో నాలుగు రోజులు ఊరికే కూర్చున్నాడు. ఐదో రోజు తొక్కాడు. మధ్యాహ్నానికి కనుమ మీద నిలబడ్డాడు. ఫోటో తీసేవాళ్ళు లేరు. పైన మంచు తిన్నాడట, దానమ్మకు తెద్దామంటే కరిగిపోయిందట.

ఆటల కోటా ఇంకా ఉందని తెలిసి, ఈసారి నేనే అతన్ని తెనాలి తీసుకెళ్ళాను. హనుమయ్య అదే కుర్చీలో ఉన్నాడు. సంఘం కార్యదర్శి ఇప్పుడు జార్జి.

"సాక్ష్యం ఏదయ్యా?" అన్నాడు హనుమయ్య.

నాకు నషాళానికంటింది. "ఎక్కనప్పుడు అడిగారటండీ సాక్ష్యం?" అని అరిచాను.

హనుమయ్య నవ్వాడు. "కోపమెందుకండీ సుందరయ్య గారూ! కొత్తదెందుకు, పాతది బీరువాలో భద్రంగా ఉంది. అదే కనుమ, అదే ఎత్తు, అదే పేరు. నాలుగేళ్ళ తేడా ఎవడు చూస్తాడు? జార్జీ, తీసివ్వు."

జార్జి బీరువా తెరిచి కాగితం తెచ్చాడు. నిజం చెప్పొద్దూ, తీసుకోమని నా మనసు కూడా అంది. ఇప్పుడది అబద్ధం కాదుగా అనుకున్నాను. గుమస్తా పోస్టు చేతికి అందేంత దూరంలో ఉంది.

యోబు కాగితం తీసుకుని నిదానంగా, వేలుపెట్టి చదివాడు. చివర, కనుమ ఎక్కినట్టు వేసిన తేదీ దగ్గర ఆగాడు. తిరిగి జార్జి చేతిలోనే పెట్టాడు.

"ఈ తేదీన నేను పైన లేనండి జార్జిగారూ," అన్నాడు. "మిమ్మల్ని దించుతున్నాను."