ఒక దెబ్బకు ఆగాలి, రెండు దెబ్బలకు కదలాలి

మొన్న మా మనవరాలు టీ తాగుతూ ఫోనులో ఏదో చదివి నవ్వింది. మా బర్మాకు పక్కనున్న దేశంలో గంజాయిని కొట్లలో పెట్టి అమ్ముకోనిచ్చారట. అలా అమ్మనిస్తే రోడ్ల మీద ప్రమాదాలు పెరుగుతాయా లేదా అని పెద్ద చదువులు చదివినవాళ్ళు లెక్కలు తీస్తున్నారట. కొందరు పెరిగాయన్నారట, కొందరు తేడా ఏమీ లేదన్నారట.

"నువ్వేటంటావు మామ్మా?" అంది.

"నన్నడుగుతావేటి? నాది రెండో తరగతి."

"అన్నిటికీ ఓ మాట సెప్తావు గదా. దీనికీ సెప్పు."

నేను చెప్పలేదు. గ్లాసులో టీ సగం వదిలేసిందని నాలుగు తిట్టి, ఆ సగం నేనే తాగి లేచాను. కానీ అప్పటినుంచి బియ్యం ఏరుతున్నా, బట్టలు ఆరేస్తున్నా అదే మాట చెవిలో ఉంది. అందుకని పాత కేలండరు కాగితాల వెనక ఇది రాస్తున్నాను. చాలా ఏళ్ళ కిందటే చెప్పవలసిన మాట. ఎవరికి చెప్పవలసిందో ఆ మనిషి ఇప్పుడు లేరు.

మా ఆయన బస్సు డ్రైవరు. చిమిండైంగ్ బజారు దగ్గర మొదలై, లమ్మడా మీదుగా సేక్కాన్ రేవు దాకా వెళ్ళే లైను. బస్సంటే యుద్ధం నాటి లారీకి చెక్కలూ రేకులూ కొట్టి, లోపల బల్లలు వేసినది. ఆ రోజుల్లో సిపాయిల ప్రభుత్వం, ఇక మీదట బండ్లన్నీ రోడ్డుకు ఎడమ పక్కన కాదు, కుడి పక్కన నడవాలని హుకుం వేసింది. రోడ్డు మారింది గాని బస్సు మారలేదు. దాని తలుపు ఎడమ పక్కనే ఉండిపోయింది. దాంతో జనం కాలిబాట మీదికి కాకుండా నడిరోడ్డు మీదికి దిగవలసి వచ్చేది. కండక్టరు ముందుగా దూకి, వెనకొచ్చే బండ్లకు చెయ్యి అడ్డం పెట్టి, జనాన్ని దింపి, అప్పుడు బస్సు రేకు మీద అరచేత్తో కొట్టేవాడు. ఒక దెబ్బంటే ఆగమని. రెండు దెబ్బలంటే పొమ్మని. డ్రైవరు సీటులోంచి మా ఆయనకు తలుపు కనబడేది కాదు. ఆ దెబ్బలే ఆయనకు కళ్ళు.

ఆయన సారా ముట్టేవారు కాదు. "బండి పట్టుకున్నోడు ఇంకేటీ పట్టుకోకూడదు" అనేవారు. పొద్దున్న స్టీరింగుకు దండం పెట్టి, అప్పుడే కూర్చునేవారు.

మా అత్తవారు గంజాం వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఏడాదికొకసారి మా ఇంట్లో త్రినాథ మేళా జరిగేది. ముగ్గురు దేవుళ్ళకూ కలిపి నూనె దీపం, ఆకువక్క, గంజాయి నైవేద్యం పెట్టాలి. తాతలనాటి ఆచారం. పూర్వం గంజాయిని చిలుములో వెలిగించి, దేవుడికి చూపించి, ముసలివాళ్ళు తలా ఒక దమ్ము లాగి పడుకునేవారు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో దానికి లైసెన్సు కొట్టే ఉండేదని మా మామ చెప్పేవారు. సిపాయిల కాలం వచ్చాక ఆ మాట నోట అనడానికే భయం. దొరికితే ఏళ్ళ తరబడి జైలు. మావి గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, పొగ వాసన ఇట్టే పట్టించేస్తుంది. మేళా మానేస్తే దేవుడి భయం, చేస్తే పోలీసు భయం. అందుకని మా అత్త ఆ ఏడు కొత్త ఉపాయం చేసింది. ఆకును నేతిలో వేయించి, బెల్లం పాకంలో కలిపి ఉండలు చుట్టింది. పొగ లేదు, వాసన లేదు. ఆచారం ఆగలేదు.

అలా చట్టానికి భయపడి పొగను తిండి చేశాం. పొగ పీల్చినవాడికి అక్కడికక్కడే తల తిరుగుతుంది, ఓ మూల చేరతాడు. తిన్నవాడికి గంటా రెండు గంటల దాకా ఏమీ తెలియదు. పనిలో ఉండగా వచ్చి మీద పడుతుంది. అది మాకెవరికి తెలుసు?

మేళా సాయంత్రం మా ఆయన లైను మీదే ఉన్నారు. ఉండలు ఎలా చేశామో ఆయన చూడలేదు. అందరూ ప్రసాదం తీసుకున్నాక నాలుగు మిగిలాయి.

"అవి రేపు ఏట్లో కలిపియ్యే. పనికెళ్ళినోళ్ళకి పెట్టకు" అంది అత్త.

"నెయ్యేసినవి గదా అత్తా. ఏట్లో సేపలకి నేతి ఉండలా?" అన్నాను.

"ఓలమ్మ, దేవుడికాడ కూడా నీ పీనాసితనమేనా!" అంది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

సర్కారు కొట్టులో పావు సీసా నూనె కోసం పొద్దుటినుంచి వరసలో నిలబడే రోజులవి. ఆ నెయ్యి నేను మూడు నెలలు కూడబెట్టింది. మర్నాడు పొద్దున్న క్యారేజీ కింది డబ్బాల్లో అన్నం, పప్పు, వంకాయ కూర పెట్టి, పై డబ్బాలో రెండు ఉండలు పెట్టాను.

ఆయన మూత తీసి వాసన చూశారు. "ఏటే ఇది, గడ్డి వాసనొస్తంది?"

"మేళా ప్రసాదం. పేరెట్టకుండా తిను."

"గడ్డేటే?"

"ఎద్దుకి గడ్డి వాసన నచ్చకపోతే ఎలాగ?"

నవ్వుకుంటూ వెళ్ళారు.

పదింటికి చిమిండైంగ్‌లో బస్సు ఆపి అన్నం తిన్నారట. ఉండలు రెండూ తిన్నారట. మధ్యాహ్నం లమ్మడా టోకు కొట్ల దగ్గర బస్సు ఆగింది. దిగేవాళ్ళలో మా సందు చివర ఉండే బర్మా ఆవిడ ఒకరు. రోజూ పొద్దున్నే ఉడికించిన బఠాణీలు తట్టలో పెట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చేది. నేను ఆవిణ్ణి అడో అని పిలిచేదాన్ని, అంటే పెద్దమ్మ అన్నట్టు. మధ్యాహ్నం పూట పచ్చి బఠాణీలు కొనడానికి లమ్మడా వెళ్ళేది. ఆవిడ ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద ఉండగా బస్సు కదిలింది. పడిపోయింది. వెనక చక్రం కాలి మీదినుంచి వెళ్ళింది.

ఆ సాయంత్రం కండక్టరు మా ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. ఇద్దరు పిల్లల తండ్రి, గట్టి మనిషి.

"ఒదినా, నేనొక్క దెబ్బే కొట్టీను. అమ్మతోడు. ఒక్కటే. అన్న బండి లాగీసినాడు. దిగొచ్చి, ఆవిణ్ణి సూసి నవ్వినాడొదినా. నవ్వి, అప్పుడు ఏడిసినాడు."

నవ్వారు అనేసరికి నాకు తెలిసిపోయింది. మా అత్తకీ తెలిసింది. ఆవిడ నా మొహం చూడలేదు. క్యారేజీ తీసుకుని పైడబ్బా తనే కడిగింది.

పోలీసులు ఆయన నోరు వాసన చూశారట. సారా వాసన లేదు. మర్నాడు ఒక పోలీసు మా ఇంటికొచ్చి అడిగాడు.

"మీ ఆయన తాగుతాడా?"

"తాగడు."

"నిన్న ఏం తిన్నాడు?"

"అన్నం, పప్పు, వంకాయ కూర" అన్నాను.

అతను రాసుకుని వెళ్ళిపోయాడు. మిగిలిన రెండు ఉండలూ అప్పుడు తీసుకెళ్ళి ఏట్లో వేశాను. ముందురోజు చేయవలసిన పని.

కాగితాల్లో డ్రైవరు నిర్లక్ష్యమని రాశారు. ఆయనకు జైలు పడింది, లైసెన్సు పోయింది. నిజం చెబితే నన్నూ, అత్తనూ, మేళాకు వచ్చిన ముసలివాళ్ళనూ పట్టుకుపోతారు, నా పిల్లలు వీధిన పడతారు. మొదట్లో అది నిజమైన భయమే. కాని భయం కొన్నాళ్ళే ఉంటుంది. ఆ తరవాత నేను నోరు మూసుకున్నదానికి వేరే పేరుంది. ఆ పేరు నాకు తెలుసు.

జైల్లో చూడబోతే కటకటాల అవతలనుంచి ఆయన అడిగిన మాట ఒకటే.

"ఒలే, నాకు రెండు దెబ్బలు ఇనిపించాయే. నా సెవులకేటైంది?"

"ఎండ దెబ్బ" అన్నాను.

విడుదలై వచ్చాక సేక్కాన్‌లో ఓడల దగ్గర మూటలు మోశారు. ఇంట్లో ఉన్నప్పుడు గోడవైపు తిరిగి కూర్చుని, "ఆ బియ్యం డబ్బా మీద కొట్టు, లెక్కెడతాను" అనేవారు. నేను గరిటెతో కొట్టేదాన్ని. ఒకటి. రెండు. మూడు. మళ్ళీ ఒకటి. ఒక్కసారీ తప్పలేదు. "సెవులు బాగానే ఉన్నాయే. అయితే ఆరోజేటైంది?" అనేవారు. చెవులు చెడిపోయి ఉంటే ఆయనకు సుఖంగా ఉండేది. తప్పు చెవి మీదికి తోసేసేవారు. చెవి బాగుంది గనక తన మనసే చెడ్డదనుకున్నారు. ఆ తరవాత సైకిలు కూడా ఎక్కలేదు. పిల్లల్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించమంటే, "నువ్వు దాటించు" అనేవారు.

బఠాణీల ఆవిడ కాలు మోకాలి పైదాకా తీసేశారు. తట్ట మోయలేక తన గుమ్మంలోనే పీట మీద కూర్చుని బఠాణీలు అమ్మేది. నేను రోజూ వెళ్ళి కొనేదాన్ని. ఎన్నడూ ఎవరి దగ్గరా బేరం మానని నేను ఆవిడ దగ్గర మానేశాను. ఆవిడ కొలిచినదాని మీద ఇంకో గుప్పెడు వేసేది.

"వద్దు అడో" అంటే, "మీ ఆయనకు. మంచి మనిషి. పాపం ఏ ఎండో తగిలి ఉంటుంది" అనేది బర్మాలో. ఆ ఎండ మాట నేను మొదలుపెట్టిందే. సందంతా తిరిగి ఆవిడ నోటికి చేరింది. ఆ బఠాణీలు ఇంటికి తెచ్చి ఆయనకు పెట్టేదాన్ని. ఆయన తినేవారు కాదు, పిల్లలకు వేసేవారు. నేను పారేయలేదు, తిన్నాను.

మేళా మానలేదు. గంజాయి బదులు పటికబెల్లం పెట్టి చేశాం. ఆయన ఏటేటా ప్రసాదం కళ్ళకద్దుకుని తిరిగి పళ్ళెంలోనే పెట్టేసేవారు. ఆయనకు ఏదైనా తెలిసిందా? ఎవరైనా చెప్పారా? అడిగితే నేను చెప్పవలసి వస్తుందని అడగలేదు.

ఈ సంగతంతా నిన్న మనవరాలికి చెప్పాను. మొదట నమ్మలేదు. తరవాత చాలాసేపు ఫోను ముట్టలేదు.

"వాళ్ళు తీసిన లెక్కల్లో మీ తాత ఎక్కడున్నాడు, సెప్పు" అన్నాను. "రాసిందేటి? నిర్లక్ష్యం. గంజాయన్న మాట ఎవుడి కాగితంలోనూ నేదు. నానే రాయనివ్వనేదు. ఇలాటోళ్ళు ఎందరున్నారో వాళ్ళకేటి తెలుస్తాది?"

"అయితే చట్టం ఉండాలా, వద్దా మామ్మా?"

"చట్టం ఉన్నప్పుడే నా సేత్తో పెట్టీనే. అది లేకపోతే పొగ పీల్చి మూల పడుకునేవోరేమో. లేకపోతే ఇంకా నలుగురు డ్రైవర్లు తినేవోరేమో. అది నాకు తెల్దు. పెట్టినోళ్ళు, ఇందులో ఇదుందని సెప్పాల. తిన్నోడు ఆపూట బండి పట్టుకోకూడదు. అదొక్కటే తెలుసు."

"తాతకి సెప్పావా?"

ఆయన పోయే ముందు మాట తగ్గిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం మంచం మీదనుంచి బియ్యం డబ్బా వైపు వేలు చూపించారు. గరిటె తీసుకున్నాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే కళ్ళు మూసుకుని చెవి ఇటు పెట్టారు. ఒక్క దెబ్బ కొట్టాను.

"ఒకటి" అన్నారు.

ఒక్క దెబ్బంటే ఆగమనే గదా. నేను ఆగిపోయాను.

"నేదు" అన్నాను మనవరాలితో.