తొమ్మిదో నంబరు కోటూ, నాలుగు పొరల తెరా

మా అమ్మ పార్సిల్లో పంపిన ఆవకాయ మీద ఒట్టు. అది ఇంకా సగం జాడీ ఉంది, దాని మీద అబద్ధపు ఒట్టు వేసేంత తెగింపు నాకు లేదు. ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్లు ఈ మాట దగ్గరే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. గోదావరి పక్కన పుట్టినవాణ్ణి పట్టిన చేప ఎంతుందని అడిగితే రెండు చేతులూ బార్లా చాపుతాడు, అది అబద్ధం కాదు, ఉత్సాహం. అయినా ఈసారి చేతులు దగ్గరగానే పెట్టుకుని చెబుతాను.

ఆ రోజుల్లో యవ్వనం అంటే ఇరవైల్లో వచ్చి పోయేది అనుకునేవారు. నాకు కాస్త ఆలస్యంగా వచ్చింది. ఉన్న ఉద్యోగం మానేసి, ముప్పై ఆరో ఏట, జర్మనీలో ఆకెన్ అనే ఊళ్లో మాస్టర్స్ చదవడానికి బయల్దేరాను (మా ప్రొఫెసరు నాకంటే రెండేళ్లు చిన్న, పాపం నన్ను చూసినప్పుడల్లా కుర్చీలోంచి లేవబోయి ఆగేవాడు). నాతోపాటు ఫ్లాట్‌లో ఉండే వరంగల్ తమ్ముడికి ఇరవై నాలుగు. నన్ను "కాకా" అనేవాడు. నేను సైకిల్ ఎక్కబోతే "నిదానం కాకా" అని స్టాండు పట్టుకునేవాడు. ఇలా మూడో అంతస్తులో ఇద్దరం సుఖంగా ఉండగా కరోనా వచ్చింది. లాక్‌డౌన్ అనే మాట వినగానే ఊరు ఊరంతా టాయ్‌లెట్ పేపర్ కోసం పరిగెత్తింది. అందరూ పరిగెడుతుంటే మనం నిలబడితే ఏం బాగుంటుందని మేమూ పరిగెత్తాం. మనిషికి ఒక్క ప్యాకెట్టే ఇస్తామంటే నాలుగు షాపులు తిరిగాం, టోపీ మార్చుకుని ఒక షాపుకి రెండుసార్లు వెళ్లాం. నలభై ఎనిమిది చుట్టలు, నాలుగు పొరలవి, మేలు రకం. మెట్లెక్కి, దించి, ఆయాసం తీర్చుకున్నాక తమ్ముడు బాత్రూమ్ వైపు చూసి నెమ్మదిగా అడిగాడు.

"కాకా, మనకు చెంబున్నది గద?"

ఉంది. ఇద్దరికీ చెరొకటి ఉంది. ఆ చుట్టలు మంచం కింద అలాగే ఉండిపోయాయి, ఇంకో చలికాలం వచ్చేదాకా.

కింది వాటాలో ఒక తాత ఉండేవాడు. ఎనభై దాటిన ఆస్ట్రేలియావాడు. మెల్‌బోర్న్‌లో ఒక పేటలో పుట్టి, ఆకెన్ పిల్లని ప్రేమించి, ఆమె వెంట వచ్చి, యాభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాడు. కరోనాకి ముందు వేసవిలో ఆవిడ పోయింది. అప్పట్లో కుర్రాళ్లు పెద్దవాళ్లకి సరుకులు తెచ్చిపెడతామని మెట్ల దగ్గర కాగితాలు అంటించేవారు. నేను కూడా కుర్రాణ్ణే కదా, అంటించాను. అలా ఆయనకి పాలూ, బ్రెడ్డూ తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టడం, రెండు మీటర్లు వెనక్కి జరగడం, పెరట్లో నిలబడి కబుర్లు చెప్పుకోవడం అలవాటైంది. ఆయన ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. నేను దాన్ని మా గోదావరి తెలుగులోకి దించి చెబుతున్నాను, ఆయన స్వభావానికి అదే సరిపోతుంది.

ఆయన మాట ఎక్కడ మొదలైనా తన పేట ఫుట్‌బాల్ క్లబ్ దగ్గరే ఆగేది. మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం గ్రౌండు, దోసకాయ ఆకారం బంతి, జట్టుకి పద్దెనిమిది మంది, ఒక్కో చివర నాలుగేసి స్తంభాలు. స్తంభాల దగ్గర తెల్లకోటు వేసుకుని డాక్టరులాంటి అంపైరు ఒకడు నిలబడి, గోల్ పడితే రెండు తెల్లజెండాలు ఊపుతాడు. రైలు కట్ట పక్కన ఆ గ్రౌండు, నీలం తెలుపు చారల చొక్కాలు, వర్షం పడితే పారే బురద. ఆ క్లబ్బు ఎప్పుడో ఎత్తేశారు. "కానీ పాలవాడున్నాడే..." అనేవాడు తాత. పాలవాడంటే వాళ్ల తొమ్మిదో నంబరు ఆటగాడు. తెల్లవారుజామున ఇంటింటికీ పాలు పోసి, శనివారం మధ్యాహ్నం గోల్స్ కొట్టేవాడట. పదేళ్ల వయసులో తాత కోటు వీపు మీద వాళ్లమ్మ తెల్లగుడ్డతో 9 కత్తిరించి కుట్టిందట. ఆ కోటు పొట్టయ్యాక అంకె విప్పి ఇంకో కోటుకి, అది పోయాక మరో కోటుకి. ఇప్పటి కోటుకి కుట్టింది ఆకెన్ ఆవిడ.

"పాలవాడు ఎగిరాడంటే ఎలా ఎగిరేవాడనుకున్నావు? ముందున్నవాడి భుజాల మీద మోకాళ్లు ఆనించి, పైన కాసేపు ఆగి, స్టేషన్ గడియారంలో టైమ్ చూసుకుని, అప్పుడు బంతి పట్టుకుని దిగేవాడ్రా అబ్బాయ్."

ఇలాంటివి విని ఊరుకోవడం మా వంశంలో లేదు. "అదెంతండీ! మా ఊళ్లో ఒక కాంపౌండర్ గారు బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు. పసుపుపచ్చ ఊలు బంతి. ఒకసారి కొడితే అది ఆస్పత్రి గోడ దాటి, పట్టాల మీద వెళ్తున్న గూడ్స్ బండిలో పడింది. మూడో రోజున విశాఖపట్నం నుంచి పోస్టులో తిరిగొచ్చింది," అన్నాను.

"ఊలు బంతా? ఊలుతో ఆడేది ఆటా? మా ఆవిడ కూడా ఊలుతో ఆడేది, సాక్సు వచ్చేవి!"

అలా రోజూ కిటికీకి అటూ ఇటూ యుద్ధం. రెండో చలికాలం వచ్చేసరికి నేను ఒక సంగతి గమనించాను. తాత కుర్చీలోంచి లేవడం మానేశాడు. ఏడాదిగా గడప దాటలేదు, కాళ్లు పట్టు తప్పాయి. అది మ్యూనిక్‌లో ఉండే ఆయన కూతురు కూడా గమనించింది. కార్ల కంపెనీలో పెద్ద ఉద్యోగం, మాట కచ్చితం. ఒకరోజు నేను కిటికీ దగ్గరుండగానే ఫోన్ స్పీకర్‌లో తేల్చిచెప్పింది. "నాన్నా, టీకాకి నీ టెర్మిన్ దొరికింది. ఆరు వారాలుంది. నేనే కారులో వస్తాను. నీ తలుపు దగ్గర్నుంచి గేటు దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి రా. రాగలిగితే నీ ఇంట్లోనే ఉండు. లేకపోతే ఇక్కడ మా ఇంటి దగ్గర హైమ్‌లో గది చూశాను." టెర్మిన్ అంటే అపాయింట్‌మెంటు, హైమ్ అంటే వృద్ధాశ్రమం. తాత ఫోన్ పెట్టేసి ఎదురు కుర్చీలో దిండు వైపు చూశాడు. దాని మీద ఆవిడ వీపు ఆనిన నొక్కు ఇంకా ఉంది. "దీన్ని దులిపేస్తారురా వాళ్లు," అన్నాడు. అంతే.

తలుపు దగ్గర మూడు మెట్లు, అక్కణ్ణుంచి గేటుకి నలభై అడుగులు. ఆ క్షణమే నేను కోచ్‌నయ్యాను (నన్నెవరూ నియమించలేదు, గొప్ప కోచ్‌లంతా ఇలాగే వస్తారు). మర్నాటి నుంచి పెరట్లో ప్రాక్టీసు. వాళ్ల ఆటకి నాలుగు క్వార్టర్లు కాబట్టి రోజుకి నాలుగుసార్లు నడక. సగం ఆటలో వాళ్ల ఆటగాళ్లకి నారింజ ముక్కలిస్తారట, అవి నేను ప్లేటులో పెట్టి గట్టు మీద ఉంచేవాణ్ణి. వరంగల్ తమ్ముడి ల్యాబ్ కోటు వేసుకుని, చేతుల్లో రెండు వంటింటి తువ్వాళ్లు పట్టుకుని, ఆయన చెప్పిన చోటికి చేరితే ఊపేవాణ్ణి. మొదటివారం మెట్లు దిగడమే అయింది. ఆకెన్ వాన మీకు తెలియంది కాదు, అది ఆగితే వెళ్దామనుకుంటే ఎవరూ ఎక్కడికీ వెళ్లలేరు. గొడుగు వేసుకుంటే చెయ్యి ఖాళీ ఉండదని తాత తడిసే నడిచాడు. ఆరడుగులకి ఆగిపోయినరోజు, "పోనీండి, మా కాంపౌండర్ గారు ఎనభై ఐదో ఏట కూడా..." అని మొదలుపెట్టేవాణ్ణి.

"ఆపరా నీ ఊలు బంతి!" అని కర్ర ఎత్తి నా మీదకి వచ్చేవాడు. అదింకో ఆరడుగులు.

పోట్లాటే వైద్యమని నాకప్పుడే అర్థమైంది. కాంపౌండర్ గారి చేత నేను ఆ నెలలో కొట్టించని బంతి లేదు. నాలుగో వారానికి ఇరవై అడుగులు, ఐదో వారానికి ముప్పై. ముప్పై దగ్గర బండి ఆగిపోయింది. ఎంత పోట్లాడినా అక్కడ మోకాళ్లు వణికేవి. అప్పుడు తాతే ఒకమాట చెప్పాడు. వాళ్ల పేటలో అభిమానులంతా వారం పొడవునా కూర్చుని, పలచటి రంగుకాగితాలు అతికించి, ఇంటెత్తు తెర కట్టేవారట. శనివారం ఆటగాళ్లు పరిగెత్తుకుంటూ వచ్చి, దాన్ని చీల్చుకుని గ్రౌండులోకి దిగేవారట. "వారం రోజుల పని, ఒక్క క్షణంలో చిరిగిపోయేది. చిరగడానికే కట్టేవాళ్లం. అది కనబడితే చాలు, ముసలి గుర్రమైనా పరిగెత్తేది."

నాకు మంచం కింద చుట్టలు గుర్తొచ్చాయి.

రంగుకాగితాల షాపులన్నీ మూసే ఉన్నాయి. "తమ్ముడూ, గేటు ముందు ఈ చివర నుంచి ఆ చివరకి టాయ్‌లెట్ పేపర్‌తో తెర కట్టాలి, గాలికి నిలవాలి, మధ్యలో 9 వెయ్యాలి," అని వరంగల్ తమ్ముడికి అప్పజెప్పి నేను నారింజలు కొనడానికి వెళ్లాను. నేను చెప్పడం మరచిన సంగతి ఒక్కటే, అది చిరగాలని. తమ్ముడి థీసిస్ ఏమిటంటే, పలచటి పొరల్ని దారాలతో బిగించి విమానం రెక్కంత గట్టిగా చెయ్యడం.

టెర్మిన్ రోజు పొద్దున్న కూతురు వచ్చింది. మాస్కు పెట్టుకుని, గేటు బయట చేతులు కట్టుకుని నిలబడింది. తెర మీద నీలం రంగు 9 మనిషెత్తున ఉంది. రెండో అంతస్తు ఫ్రావు, అంటే అక్కడుండే జర్మన్ ఆవిడ, బాల్కనీలోకి వచ్చి, "ఇంత పేపరా! నేను మూడు వారాలు వెతికాను ఆనాడు!" అని గుండెలు పట్టుకుంది. తాత తలుపు తీశాడు. కర్ర లేదు. ఒంటి మీద కోటు, వీపున అంకె. మూడు మెట్లూ దిగాడు. పది. ఇరవై. ముప్పై దగ్గర మోకాళ్లు వణికాయి. నా నోరు తెరుచుకుంది కానీ కాంపౌండర్ గారు రాలేదు. తాతే తలెత్తి తెర చూశాడు. దవడ బిగించాడు. ఆ పది అడుగులూ నడక కాదు, ఎనభై రెండేళ్లవాడు చెయ్యగలిగినంత పరుగు. వెళ్లి భుజంతో తెరని ఢీకొన్నాడు.

తెర ఓడ తెరచాపలా ఉబ్బి, ఆయన్ని మర్యాదగా వెనక్కి పంపింది.

"సూడు కాకా! ఒక్క పోగు తెగలే!" అన్నాడు తమ్ముడు పొంగిపోతూ. వెనక వైపంతా దారాల టేపు, నిలువునా అడ్డంగా, జానెడుకొకటి.

"అది తెగాల్రా!"

"గట్లని ముందుగాల జెప్పొద్దా?"

రెండోసారీ అంతే. అప్పుడు తాత మూడడుగులు వెనక్కి వేసి, చారల చొక్కావాళ్లలా భుజం దించి, మూడోసారి గుద్దాడు. చర్రుమని పై నుంచి కింది దాకా చిరిగింది. నెత్తిన పేపరు పెళ్లికొడుకు తలపాగాలా వేలాడుతుండగా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, గేటు దాటాడు. నేను రెండు తువ్వాళ్లూ తెగ ఊపాను. టీకా వేయించుకుని సాయంత్రానికి తన కుర్చీలో ఉన్నాడు. మరో రెండేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాడు, తన మంచం మీదే నిద్రలో వెళ్లిపోయాడు. దిండు మీద నొక్కు చివరిదాకా అలాగే ఉంది.

ఇక ఒట్టు సంగతి. కాంపౌండర్ గారిని కల్పించాననుకుంటున్నారు కదూ? కాదు. గూడ్స్ బండి కూడా నిజమే, కావాలంటే మా ఊళ్లో అడగండి. నేను కల్పించింది ఒక్కటే ముక్క. తెర తాత చింపలేదు.

మూడోసారి గుద్దాక ఆయన వెనక్కి రాలేదు. నుదురు కాగితానికి ఆనించి, రొప్పుతూ అలాగే నిలబడిపోయాడు. అప్పుడు తెర అవతల నుంచి చిన్న చప్పుడైంది. కారు తాళంచెవితో, టేపు ఒక్కో పట్టీ తెగుతున్న చప్పుడు. తెర పక్క సందులోంచి చూశాను. కూతురి మాస్కు తడిసిపోయి ఉంది. చివరి పట్టీ కోసి, రెండు మీటర్లు వెనక్కి వెళ్లి, మళ్లీ చేతులు కట్టుకుని, "రా నాన్నా, టెర్మిన్‌కి టైమవుతోంది. నిన్నెవరూ ముట్టుకోలేదు, నేను చూశాను," అంది. కారెక్కాక తాత అద్దం దించి నన్ను పిలిచాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఎలాగూ నువ్వు ఊరుకోవు, ఇది అందరికీ చెబుతావు. చెప్పినప్పుడు నేనే చింపానని చెప్పు."

ఇన్నాళ్లూ అలాగే చెప్పాను. ఆ కోటు ఇప్పుడు నా దగ్గరుంది, కూతురే పంపింది (బొత్తాలు పడవు, నా పొట్ట ఒప్పుకోదు). దాన్ని చూసినప్పుడల్లా ల్యాబ్ కోటు వేసుకుని గంతులేసిన ఆ ముప్పై ఆరేళ్ల కుర్రాడు గుర్తొస్తాడు. తనే కోచ్ అనుకున్నాడు, తనే గెలిపించాననుకున్నాడు. ఆయన్ని ఓడించడానికి ఆవిడ అంత దూరం నుంచి వచ్చిందనుకున్నాడు. పాపం, తువ్వాళ్లు మాత్రం సరిగ్గానే ఊపాడు, గోల్ ఎవరు కొట్టారో చూసుకోలేదంతే.