చౌడు నేల సైన్యం

మొన్నటి వానలకి మా తెనాలి ఇంట్లో వసారా గోడ అడుగున ఉప్పు పొంగింది. మేస్త్రీ వచ్చి గోరుతో గీకితే పెచ్చు ఊడి చేతిలోకి వచ్చేసింది. “ఇసకలో ఉప్పుందమ్మా. అప్పుడు కట్టినోళ్లు కడక్కుండా వాడేశారు,” అన్నాడు. అతను మా గోడ సంగతే చెప్తున్నాడు. నేను మాత్రం రాలిన పొడిని ఊడ్చడం మానేసి మా బావగారిని తలుచుకుంటూ నిలబడిపోయాను.

బావగారంటే మావారి అన్నగారు. బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరై, పెళ్లీ గిళ్లీ లేక, మా ముందుగదిలో ఉండేవారు. ఆదివారం చర్చిలో అందరికన్నా గంభీరంగా కీర్తనలు పాడే మనిషి, సోమవారం పొద్దున్నే భూతద్దం పెట్టుకుని చిటికెన వేలంత మరుగుజ్జు వీరుల గడ్డాలకి రంగులు వేస్తూ కూర్చునేవారు. అదొక ఆట. బల్లకి అటొకరు ఇటొకరు తమ బొమ్మల సైన్యాలను నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి నడిపిస్తూ, పాచికలేసి యుద్ధం చేస్తారు. సైన్యం తయారుగా దొరకదు. ముక్కలుగా వచ్చినదాన్ని కాళ్లూ చేతులూ అతికించుకుని, రంగులు వేసుకుని, ఒక్కొక్కడి కాళ్ల కింద ఒక బిళ్ల పెట్టి, ఆ బిళ్ల మీద వాడు నిలబడే నేలను కూడా మనమే చేసుకోవాలి. “అన్నయ్యకి వేళకి పెళ్లి చేసుంటే ఈపాటికి వీళ్లంతా నిజంగానే ఇల్లంతా తిరిగేవాళ్లు,” అని మావారు ఏడిపించేవారు. బావగారు తలెత్తకుండానే, “వీళ్లు అన్నం అడగర్రా,” అనేవారు.

ఆటకి ఎదుటి మనిషి కావాలి కదా. తెనాలి, బాపట్ల, రేపల్లె మొత్తం గాలిస్తే ఆయనకి దొరికింది ఒక్కరే. బాపట్లలో లెక్చరరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, రైల్లో పరిచయం. ఆయనది అస్థిపంజరాల సైన్యం. ఎముకలకి రంగుపని తక్కువ కాబట్టి ఎప్పుడో సిద్ధమై కూర్చుంది. రంగు పడనివాడూ, కాళ్ల కింద నేల లేనివాడూ బల్ల ఎక్కకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. ఆయన ఫోను చేసి “మీవాళ్లు ఎందాకా వచ్చారండి?” అని అడిగితే, ఈయన “గడ్డాలు ఆరుతున్నాయండి,” అనేవారు. అలా గడ్డాలు ఆరుతుండగానే బావగారి కుడిచేతికి వణుకు మొదలైంది. అది తగ్గే వణుకు కాదని డాక్టరు మొహం మీదే చెప్పేశారు. అప్పట్నుంచి ఆయనకి ఒకటే ధ్యాస. చెయ్యి పూర్తిగా పోయేలోపు ఒక్క యుద్ధం ఆడాలి. ఆ వయసులో ఆయన ఇంకేమీ కోరుకోలేదు.

కాళ్ల కింది బిళ్లలకి పాత ఇనప కొట్లో వాషర్లు తెచ్చుకున్నారు, బరువుకి బొమ్మ పడిపోకుండా ఉంటుందని. వాటి మీద లోకంలో అందరూ మంచు వేస్తారట, నాచు పట్టిన రాళ్లు వేస్తారట. బావగారు అవేవీ వద్దన్నారు. “మనవాళ్లు మన చేలో నిలబడాలమ్మా,” అన్నారు నాతో. ఆ చేను రేపల్లె అవతల ఉంది. మా మామగారి తండ్రి బతుకంతా ఒకరి పొలాల్లో కూలి చేసి చివరికి సంపాదించుకున్న పొలం చెక్క. మా వంశంలో మొదటి సొంత నేల. తీరా చూస్తే అది చౌడు. ఎండాకాలం వస్తే నేల పగిలి, పగుళ్ల అంచుల్లో ఉప్పు తెల్లగా పేరుకునేది. ఏ పంటా నిలబడలేదు, అయినా ఎవరూ అమ్మలేదు. చుట్టుపక్కలంతా రొయ్యల చెరువులైపోయి, మాది కూడా లీజుకి ఇవ్వక తప్పదని తేలాక, బావగారు రేపల్లె రైలెక్కి వెళ్లి సంచీతో మట్టి తెచ్చుకున్నారు.

“కడుగు అన్నయ్యా. ఉప్పు మట్టి కడక్కుండా ఎవడైనా వాడతాడా?” అన్నారు మావారు.

“కడిగితే ఆ తెలుపు పోద్దిరా. తెలుపు పోతే అది మన చేను ఎట్టా అవుద్ది?”

మట్టిని కడగలేదు. చెయ్యి కుదరక ఆయన నన్ను సాయం పిలిచారు. నేను వాషరు మీద తెల్ల జిగురు పూసేదాన్ని, ఆయన వణికే వేళ్లతో మట్టి చల్లేవారు. వణుకు వల్ల మట్టి జల్లెడ పట్టినట్టు సమంగా పడేదని ఆయనే నవ్వేవారు. గదంతా జిగురు వాసన, రంగుల వాసన, వీటి మధ్య సన్నగా ఉప్పు వాసన. అన్నీ అయ్యాక బీరువా మీద వరసలు కడితే, గొడ్డళ్లు పట్టుకున్న ఆ గడ్డాల వీరులు మా రేపల్లె చేలో నిలబడి ఉన్నారు. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఇంతలో బాపట్ల ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. వానలు తగ్గాక వస్తానన్నారు. దుమ్ము పడకుండా సైన్యాన్ని పెట్టెలో సర్ది మూత పెట్టాం.

ఆయన వచ్చేరోజు పొద్దున పెట్టె తెరిచాం. ఉప్పు వానాకాలపు చెమ్మంతా పీల్చింది. వాషర్లు తుప్పుపట్టి ఉబ్బి, పైనున్న నేల పెచ్చులుగా లేచిపోయి, దాంతోపాటు మనుషులూ లేచిపోయారు. కొందరి పాదాలు మట్టికే ఉండిపోయాయి, మిగతా ఒళ్లు పెట్టె అడుగున పడి ఉంది. బావగారు ఒకణ్ణి తీసి నిలబెట్టబోయారు. చేతి వణుక్కి వాడు మళ్లీ పడిపోయాడు.

బాపట్ల ఆయన మిఠాయి డబ్బాల్లో తన సైన్యాన్ని పెట్టుకుని ఎంతో ఉత్సాహంగా వచ్చారు. సంగతి తెలియక ముందే భోజనాల బల్ల మీద అస్థిపంజరాలను నాలుగు వరసలు పేర్చేశారు. బావగారు ఖాళీగా ఉన్న తన వైపు కుర్చీలో కూర్చుని వాటిని ఒక్కొక్కటే చూశారు. “కత్తుల మీద తుప్పు రంగు భలే కుదిరిందండి. మీరే గెలిచారు,” అన్నారు.

“అట్టా అనకండి. మళ్లీ నిలబెట్టండి. ఎండాకాలంలో వస్తాను, ఆడదాం,” అన్నారాయన, డబ్బాలు సర్దుకుంటూ.

ఆయన్ని స్టేషనుకి పంపి వచ్చాక నేను జిగురు సీసా తెచ్చాను. విరిగిన పాదాలు అతకవచ్చని, వాషర్లు కొత్తవి కొనవచ్చని చెప్పాను. బావగారు నా మాటలు ఓపిగ్గానే విన్నారు.

“ఏ మట్టి మీద నిలబెడతావమ్మా?” అన్నారు.

మా చేలో అప్పటికే రొయ్యల చెరువు తవ్వేశారు. ఆయన పెట్టె మూత పెట్టేశారు, మరి తెరవలేదు. క్రిస్మస్ నాటికి చెంచా పట్టుకోవడమూ కష్టమైంది, అన్నం నేనే కలిపి పెట్టేదాన్ని. సిలువ శుక్రవారానికి ముందే ఆయన వెళ్లిపోయారు. సమాధుల తోటకి బాపట్ల ఆయన వచ్చి, సాయంత్రం రైలుకి తిరిగి వెళ్లారు. తర్వాత ఫోను లేదు. ఆయన ఉన్నారో లేదో కూడా నాకు తెలియదు.

ఇప్పుడు పూసినా లాభం లేదు, గోడ ఆరాలి, ఎండాకాలంలో వస్తానన్నాడు మేస్త్రీ. సరేనన్నాను. ఎండాకాలంలో ఆడాల్సిన ఇద్దరిలో ఎవరూ మళ్లీ ఆ బల్ల దగ్గరికి రాలేదు. ఎండాకాలం మాత్రం మాట తప్పకుండా ఏటా వస్తూనే ఉంది.