అవ్వ వేలు ఆనించిన మూల

మేడ్చల్‌లో బస్సెక్కిన చేపల అవ్వ ఖాళీ గంపను కాళ్ల దగ్గర పెట్టుకుని నా పక్కన కూర్చుంది. నా ఒళ్లో కొత్త మదర్‌బోర్డు పెట్టె ఉంది. కంప్యూటర్ ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసి, కంపెనీ పెట్టిన వేగాన్ని దాటించాలని నా పంతం. అందుకు ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం గట్టిగా ఉన్న బోర్డు కావాలి. అది తెలిసీ, రంగురంగుల లైట్లు చూసి దీన్ని ఎంచుకున్నాను.

బస్సు కుదుపుకు అవ్వ చెయ్యి పెట్టె మీద పడింది. చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఏంది కొడుకా, గింత కాలుతాంది?"

"కొత్తది అవ్వా. సీలు గూడ తియ్యలే. ఇంక కరెంటే తాకలే."

నేను తాకి చూశాను. చల్లగానే ఉంది. ఆమె మళ్లీ మెల్లగా వేలు ఆనించి, "గీడ" అని పెట్టె పై మూల చూపించింది. షామీర్‌పేటలో దిగేదాకా ఆ వేలిని కొంగులో చుట్టుకునే కూర్చుంది.

పది రోజులకు బోర్డు కాలిపోయింది. సరిగ్గా ఆ మూలే.

అప్పటినుంచి ఏ బోర్డు కొన్నా ముందు పెట్టె మీద అరచెయ్యి ఆనిస్తాను. షాపువాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

మొన్న ఒక పెట్టె మీంచి మాత్రం చెయ్యి వెనక్కి లాక్కున్నాను.