పికప్ ఆగింది నా వల్లే

అల్లుడుగారూ, మధ్యాహ్నం మీరు ఇక్కడ అందరికీ కనబడేలా పెట్టిన పోస్టులో రాసింది తప్పు. మన సామాను తెచ్చిన డ్రైవరు యాదగిరి పికప్ బండి పాతదై ఆగిపోలేదు. నా మూలంగా ఆగింది.

ఈ రోజు మనవరాలి సామాను దిల్‌సుఖ్‌నగర్ నుంచి నాగోల్‌లోని అద్దె ఇంటికి మార్చాం. రాహుకాలం రాకముందే అక్కడ పాలు పొంగించాలని నా పట్టు. ద్రవపీడనం పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మకు రాహుకాలమేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోండి.

నేను పికప్‌లోనే యాదగిరి పక్కన కూర్చున్నాను. దారిలో డీజిల్ బంకు కనబడగానే అతను బండి నెమ్మది చేశాడు.

"పెద్దమ్మా, జర ఆగుదాం. టాంకు అడుగంటింది. పంపు గాలి గుంజితే ఇంజనుకు డీజిల్ అందది."

"నీ కబుర్ల కోసం ముహూర్తం ఆగదు నాయనా, పోనీ!" అన్నాను.

ఎల్బీనగర్ ఫ్లైఓవర్ మీద బండి ఆగిపోయింది. అతను డబ్బాతో డీజిల్ తెచ్చి పోసి, ఇంజను దగ్గరున్న చిన్న చేతిపంపు నొక్కి నొక్కి డీజిల్ పైపులో చేరిన గాలి తీసేసరికి రాహుకాలం రానే వచ్చింది.

ఇంటి ముందు మీరు అందరిలో "ఈ డొక్కు బండితో కిరాయిలకెందుకొస్తావయ్యా?" అని అరిచారు. అతను నావైపు ఒకసారి చూసి, "పంపు సతాయించింది సార్" అన్నాడు. నేను పాలగిన్నె పట్టుకుని గబగబా లోపలికి వెళ్లిపోయాను. ఇంత నోరున్నదాన్ని, ఒక్క మాట అనలేకపోయాను. సిగ్గుగా ఉంది.

మీ పోస్టు చూసి మీ స్నేహితుడు రేపు తన సామాను మార్చడానికి మాట్లాడుకున్న యాదగిరిని వద్దన్నాడట. అవసరమైనప్పుడే నోరు పడిపోయేది నాకొక్కదానికేనా, ఇది చదువుతున్న మీలోనూ ఎవరైనా ఉన్నారా?

అల్లుడుగారూ, ముందు ఆ పోస్టు తీసేయండి. తర్వాత మీ స్నేహితుడికి ఫోన్ చేసి యాదగిరినే పిలవమనండి. బండికి ఏమైందని అడిగితే, మా అత్తగారు ఎక్కారని చెప్పండి.